ఫుట్‌పాత్ మీద సైకిల్ తగిలి మా అమ్మ పడింది. ఫుట్‌పాత్ ఎవరిదో చెప్పండబ్బా

కొర్లగుంట_చిన్నోడు (సోమవారం, ఉదయం 9:14)

కోపంలో రాస్తాండా, తప్పులుంటే ఏమనుకోవద్దండి. ఇక్కడ తిరుపతిలో నిన్న పొద్దున్నే ఆరున్నరకి మా అమ్మ పాల పాకెట్ తీసుకుని ఇంటికి వస్తాండాది. 68 ఏండ్లు ఆమెకి. రోడ్డు మీద నడవొద్దమ్మా, ఫుట్‌పాత్ ఎక్కి నడువు అని నేనే పోరి పోరి చెప్పింటి, ఆ మాట విని ఎక్కింది పాపం. ఇస్త్రీ అంగడి ముందర కాలవ మీద ఒక బండ ఉండాది, చానా రోజులుగా లూజు, ఎవురు కాలు పెట్టినా లొటక్ అంటాది. ఆ బండ దాటి నాలుగడుగులు వేసిందో లేదో వెనక మళ్ళా లొటక్‌మనింది. ఎవరా అని చూసేదానికి కుడిపక్కకి జరిగింది, వెనకాల సైకిల్లో వస్తాండే పిలగాడు కూడా ఆమెని తప్పించేదానికి అదే కుడిపక్కకి తిప్పినాడు. హ్యాండిల్ మోచేతికి తగిలి ఇద్దరూ పడినారు.

వాడు లేసి సారీ అవ్వా సారీ అవ్వా అని రెండు తూర్లు అని, ఆమెని అరుగు మీద కూర్చోబెట్టి, బ్యాగు ఎత్తుకుని పోయినాడు. ఎక్స్‌రే తీపిస్తిమి, ఎముక విరగలా, మణికట్టు వాచిపోయింది, కట్టు కట్టినారు. అదే తుంటి ఎముక విరిగింటే?

ఫుట్‌పాత్ నడిచేవాళ్ళకా సైకిళ్ళకా, అది తేల్చండి ముందు. నన్నడిగితే సైకిల్‌తో ఫుట్‌పాత్ ఎక్కినోడి చక్రంలో గాలి తీసి పంపాల.

బైపాస్_వాకర్ (సోమవారం, 9:31)

అమ్మ ఎట్లుండాది ఇప్పుడు? ఐస్ పెట్టు, చెయ్యి ఎత్తులో పెట్టుకోమను.

ఇదే గోల నాది కూడా. ఎయిర్ బైపాస్ రోడ్డులో పదేండ్లుగా నడస్తాండా, ఒకప్పుడు ప్రశాంతంగా ఉండేది, ఇప్పుడు పొద్దున ఆరు దాటితే ఫుట్‌పాత్ మీద వెనక చూసుకుంటా నడవాల్సిందే. తిరుమల ఘాట్ రోడ్డులో కార్లకి ఇస్తారు చూడు టైం చీటీ, అనుకున్న టైం కంటే ముందే కొండెక్కేస్తే ఫైన్ అని, అట్లాంటి చీటీ ఒకటి ఈ సైకిళ్ళకి ఇయ్యాల.

తెల్లారితే_తొక్కుడే (సోమవారం, 9:58)

అన్నా, అమ్మకి అట్ల కావడం బాధే, దాంట్లో రెండో మాట లేదు. కానీ సైకిలోళ్ళందర్నీ ఒకే గాటన కట్టొద్దు. నేను వారానికి నాలుగు రోజులు చంద్రగిరి దాకా పోయొస్తా గేర్ సైకిల్‌లో, ఒక్కనాడు కూడా ఫుట్‌పాత్ ఎక్కలా. ఎక్కితే నష్టం మాకే, అంగడికొక ర్యాంప్, చెట్టుకొక గుంత, పగిలిన టైల్సు, టైర్ పట్టుకుంటే మూతి పళ్ళు రాలతాయి.

ఇంకోటి, బెల్లు సంగతి. కొడితే "ఏందిరా ఫుట్‌పాత్ మీద మాకే బెల్లు కొడతావా" అంటారు. కొట్టకపోతే "బెల్లు లేదా నీకు" అంటారు. ఏం చెయ్యమంటారు మమ్మల్ని?

బైపాస్_వాకర్ (సోమవారం, 10:04)

దిగి నడిపించమంటాము సామీ. సైకిల్‌కి పక్కన నడిచేదానికి కాళ్ళుండాయి కదా నీకు.

చిత్తూరు_మామిడితాండ్ర (సోమవారం, 10:20)

మీకు ఫుట్‌పాత్ అన్నా ఉండాది, దాని మీద కొట్లాడుకుంటాండారు. మా చిత్తూరు బజార్లో ఫుట్‌పాత్ యాడుందో చూపిస్తే నేనూ వచ్చి కొట్లాటలో చేరతా.

లా_మూడో_ఏడు (సోమవారం, 11:47)

కొంచెం చట్టం చెప్తాను, బోర్ అనుకోవద్దు. సైకిల్ మోటారు వాహనాల చట్టం 1988 కిందకి రాదు, అందుకే లైసెన్సు లేదు, నంబర్ ప్లేట్ లేదు. మోటారు బండి ఫుట్‌పాత్ ఎక్కితే నేరుగా 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌తో పట్టుకోవచ్చు, సైకిల్‌ని వాటితో పట్టుకోలేము. అలాగని సైకిలోడికి ఏమీ వర్తించదు అనుకోవద్దు, భారతీయ న్యాయ సంహిత 281 సెక్షన్ ఏ వాహనాన్నైనా పబ్లిక్ దారిలో మనిషి ప్రాణానికి ముప్పు వచ్చేట్టు నిర్లక్ష్యంగా నడిపితే ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా ఫైన్, లేదా రెండూ అంటుంది. సైకిల్ కూడా వాహనమే. బ్యాటరీ సైకిల్ అయితే మోటారు 250 వాట్ల లోపు, స్పీడు గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే సైకిల్ లెక్క, దాటితే అది బండే.

2025 మే నెలలో సుప్రీంకోర్టు అడ్డంకులు లేని ఫుట్‌పాత్, వికలాంగులు కూడా వాడుకోగల ఫుట్‌పాత్ ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమే అనింది. అంటే కొర్లగుంట అన్న వాళ్ళ అమ్మకి ఉన్నది రాజ్యాంగం ఇచ్చిన హక్కు, మున్సిపాలిటీ వాళ్ళు దయతో ఇచ్చేది కాదు.

ఒక తమాషా విషయం. ఇంగ్లండ్‌లో ఫుట్‌పాత్ మీద సైకిల్ తొక్కకూడదు అనే చట్టం 1835ది. అప్పటికి ఇప్పటి సైకిల్ పుట్టనేలేదు. గుర్రం, గాడిద, గొర్రె, పంది, పశువులు, బండి వీటిని ఫుట్‌పాత్ మీద తోలకూడదు అని రాసుకున్నారు, తర్వాత 1888లో సైకిల్ కూడా బండే అని ఇంకో చట్టం తెచ్చి కలిపేశారు.

చిత్తూరు_మామిడితాండ్ర (సోమవారం, 11:55)

పశువులు కూడా ఉండాయా ఆ లిస్టులో? అయితే తిరుపతిలో ఆ చట్టం పెడితే సగం ఫుట్‌పాత్ ఒక్క రోజులో ఖాళీ.

తెల్లారితే_తొక్కుడే (సోమవారం, 12:10)

చూసినారా, మోటారు బండ్లని నేరుగా పట్టుకోవచ్చంట. మరి లీలామహల్ సర్కిల్ దెగ్గిర సాయంత్రం సిగ్నల్ పడితే ఎన్ని స్కూటర్లు ఫుట్‌పాత్ ఎక్కుతాయో లెక్కబెట్టినారా ఎవరైనా? వాటి మీద ఒక్క పోస్టు పెట్టరు. సైకిలోడు ఇంజన్ లేనోడు, హారన్ లేనోడు, తిడితే తిరిగి తిట్టలేడు, అందుకే వాడి మీద పడతారు.

కొర్లగుంట_చిన్నోడు (సోమవారం, 12:22)

స్కూటర్లోళ్ళని తిట్టలేదని ఎవురు చెప్పినారు నీకు. వాళ్ళని తిట్టి తిట్టి నోరు పడిపోయింది. నిన్న మా అమ్మని పడేసింది మాత్రం సైకిల్. అది మార్చలేను కదా నేను.

గుంటూరు_కోడలు (సోమవారం, 2:05)

మేము ఉద్యోగం మీద తిరుపతి వచ్చి మూడేళ్ళయిందండి. బాబుని తోపుడు బండిలో పెట్టుకుని సాయంత్రం తిప్పుతాను. ఒకటి చెప్పనాండి, నాకు సైకిలంటే భయం లేదు, సైకిల్ తొక్కేవాళ్ళు కనీసం మొహం చూస్తారు, నవ్వుతారు, ఆగుతారు. నాకు భయం అంతా ఫుట్‌పాత్ మధ్యలో ఆగిపోవడమే. ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్, ఒకచోట ఫ్లెక్సీ ఇనప చట్రం, ఒకచోట ఎవరో బుల్లెట్ పెట్టేసి దర్శనానికి వెళ్ళిపోతారు. బండి ఎత్తి రోడ్డు మీదకి దింపాలి, మళ్ళీ ఎత్తి పైకి ఎక్కించాలి. తమిళుల పెరటాసి నెల శనివారాలొస్తే ఇంక చెప్పక్కర్లేదు, చెప్పులు లేకుండా మూటలతో నడిచొచ్చే తమిళ భక్తులు గుంపులు గుంపులుగా ఉంటారు, వాళ్ళకే చోటు చాలదు.

పాత_ఏఈ (సోమవారం, 4:40)

నేను రోడ్ల పనుల్లోనే ముప్పై ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి తిట్లలో నాకు కూడా వాటా ఉంది, తీసుకుంటాను. రోడ్ల కొలతలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ 103 నంబరు పుస్తకం ఒకటి ఉంది, అందులో నడిచేవాళ్ళకి తక్కువలో తక్కువ 1.8 మీటర్ల వెడల్పు అడ్డం లేకుండా ఉండాలని, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు అంటే ఆరంగుళాలు దాటకూడదని ఉంది. మన దగ్గర కాలవ మీద బండలు పరిచి దానికే ఫుట్‌పాత్ అని పేరు పెడతాము, కాలవ ఎంత ఎత్తుంటే ఫుట్‌పాత్ అంత ఎత్తు. ఎత్తు ఎక్కువ కాబట్టి ముసలివాళ్ళు ఎక్కలేరు. అంగళ్ళవాళ్ళు లోపలికి బండి పెట్టుకునేదానికి సిమెంటుతో ర్యాంప్ వేస్తారు కాబట్టి బండ్లు మాత్రం హాయిగా ఎక్కుతాయి.

ఇక ఈ యాక్సిడెంట్ సంగతి. చప్పుడైన బండకీ ఆమెకీ మధ్య నాలుగడుగులు అన్నాడు కదా బాబు, పెద్దామె అడుగులు అంటే రెండు మీటర్లు అనుకుందాం. సైకిల్ గంటకి 15 కిలోమీటర్ల మీద వస్తే సెకనుకి నాలుగు మీటర్లు. అంటే ఆమెకి దొరికింది అర సెకను. అర సెకనులో ఎవరైనా ఏదో ఒక పక్కకి జరుగుతారు, ఏ పక్కకో తొక్కేవాడు కనుక్కోలేడు, జరిగేవాళ్ళు కూడా చెప్పలేరు. అందుకే ముసలివాళ్ళ వెనక బెల్లు కొట్టినా లాభం లేదు, స్పీడు నడక స్థాయికి దించాలి, అంతే.

టెన్త్_పిల్లోడి_నాయన (సోమవారం, రాత్రి 9:36)

రెండు గంటలుగా రాసి కొట్టేసి రాసి కొట్టేస్తాండా. మా వాడు కూడా పొద్దున ఆరుకి ట్యూషన్‌కి పోతాడు సైకిల్లో, ఫుట్‌పాత్ మీదే పోతాడు, పొమ్మని చెప్పింది నేనే. కొర్లగుంట తమ్ముడూ, నీ అమ్మని గుద్దింది మా వాడు కాదు, వాడు నిన్న జరంతో పండుకున్నాడు, కానీ అయ్యుండొచ్చు.

ఎందుకు చెప్పినానో విను. మా ఇల్లు ఉండేది రోడ్డుకి ఈ పక్క, ట్యూషన్ కూడా ఈ పక్కే, ఇంటి నించి ఎనిమిది వందల అడుగులు ఉండదు, కాకపోతే బండ్లు వచ్చే వైపుకి ఎదురు పోవాల. రూలు ప్రకారం పోవాలంటే వాడు సర్కిల్ దాకా పోయి, తిరిగి, అవతల పక్కన వెనక్కి వచ్చి, మళ్ళా ఇంకో చోట తిరిగి రావాల. ముందు డివైడర్‌లో గ్యాప్ ఒకటి ఉండేది, దాన్ని సిమెంటు దిమ్మెలతో మూసేసినారు. ఆ టైంకి రోడ్డు మీద ఏముంటాయో తెలుసు కదా, కొండకి పోయే టెంపో ట్రావెలర్లు, రాత్రంతా బండి నడిపి కండ్లు మూతలు పడతాండే డ్రైవర్లు, ఊరు కొత్త, కన్ను గూగుల్ మ్యాప్ మీద. వాళ్ళకి ఎదురు నా కొడుకుని పంపమంటావా?

నువ్వు మీ అమ్మకి ఏం చెప్పినావో నేను వాడికి అదే చెప్పినా. రోడ్డు మీద పోవద్దు, ఫుట్‌పాత్ ఎక్కు అని.

కొర్లగుంట_చిన్నోడు (సోమవారం, 10:15)

అన్నా ఏం చెప్పాలో తెలీలా. ఇప్పుడే అమ్మకి చదివి వినిపిస్తి. "ఆ పిలగాడి మోకాలు కూడా కొట్టుకుపోయింది రా, నేను చూసినా, రక్తం కారతాండాది, నువ్వు వాడి గాలి తీస్తానంటావేంది" అని నన్నే తిట్టింది. నిన్నంతా ఈ మాట చెప్పలా నాకు. పైగా వాడిని అరుగు మీద కూర్చోమని అడిగిందంట, ట్యూషన్‌కి లేటయితాది అవ్వా అని పోయినాడంట.

అయినా సరే నేను ఒప్పుకోను. భయం నీకుండొచ్చు, పిలగాడికుండొచ్చు, స్పీడు తగ్గించేదానికి భయం అడ్డం రాదు కదా.

టెన్త్_పిల్లోడి_నాయన (సోమవారం, 10:19)

అది మాత్రం నిజం. మనుషులు కనపడితే దిగి నడిపించు అని చెప్తా రేపటి నించి.

బజ్జీల_బండి_అబ్బాయి (సోమవారం, 11:52)

షాపు మూసి ఇప్పుడు చూస్తాండా. ట్రాన్స్‌ఫార్మర్, ఫ్లెక్సీ అన్నారు, ఇంకో రెండు పోస్టులు పోతే మా తోపుడు బండ్ల మీద పడతారని ముందే వస్తిని. మా నాయన ఇరవై రెండేండ్లుగా అదే తావులో బజ్జీలు ఏస్తాండాడు, 2014 వీధి వ్యాపారుల చట్టం కింద కార్డు కూడా ఉండాది. ఒకసారి పెద్దోళ్ళెవరో వస్తారని వారం రోజులు మా బండ్లన్నీ లేపేసినారు. ఆ వారంలో ఫుట్‌పాత్ మీద మనుషులు నడిచినారు అనుకుంటాండారా? మొదటి రోజు సాయంత్రానికే మా తావులో నాలుగు బైకులు, ఒక కారు ముందు చక్రాలు. మా బండి ఉంటే కనీసం పక్కన మూడడుగులు వదులుతాము, లేకపోతే గిరాకీ నిలబడేదెట్ల.

సైకిలోళ్ళు ఆగుతారు, రెండు మిరపకాయ బజ్జీలు తింటారు, పోతారు. నాకైతే వాళ్ళ మీద కోపం లేదు.

స్టుట్‌గార్ట్_సీమోడు (మంగళవారం, 1:30 తెల్లవారుజామున)

జర్మనీలో ఉండా నేను, మాది రేణిగుంట. ఇక్కడ రూలు ఏందంటే ఎనిమిదేండ్ల లోపు పిలకాయలు ఫుట్‌పాత్ మీదే తొక్కాల, పదేండ్ల దాకా తొక్కొచ్చు, ఆ తర్వాత దిగి రోడ్డు మీదకో సైకిల్ దారికో పోవాల. కొన్ని తావుల నీలం రంగు గుండ్రటి బోర్డు ఉంటాది, పైన బిడ్డ చెయ్యి పట్టుకున్న మనిషి బొమ్మ, కింద సైకిల్ బొమ్మ, అంటే ఇద్దరిదీ ఆ దారి, సైకిలోడు నడిచేవాళ్ళని చూసి పోవాల. ఇంకొన్ని తావుల అది ఫుట్‌పాతే, సైకిల్‌ని పోనిస్తారు గానీ నడక స్పీడులో మాత్రమే. జపాన్‌లో కూడా 13 ఏండ్ల లోపు పిల్లలకి, 70 దాటినోళ్ళకి ఫుట్‌పాత్ మీద తొక్కేదానికి ఒప్పుకుంటారు.

ఇంత రాసి పెట్టినా ఇక్కడ కొట్లాట లేదనుకోవద్దు. మొన్న ఒక ముసలామె నా మీద అరిచిన అరుపుకి మా మేనత్త గుర్తొచ్చింది. భాష మాత్రం తేడా.

తెల్లారితే_తొక్కుడే (మంగళవారం, 6:10)

ఆ పిల్లల రూలు బాగుండాది. టెన్త్ పిల్లోడికి పదిహేను ఉంటాయి కదా, వాడు ఎందులోకి వస్తాడు మరి?

బైపాస్_వాకర్ (మంగళవారం, 6:14)

ట్యూషన్‌లోకి వస్తాడు, పాపం.

చేతికర్ర_మాస్టారు (మంగళవారం, 7:25)

నమస్కారం. నాకు చూపు లేదు, ఫోన్ చదివి వినిపిస్తుంది, నేను చెప్తే అదే టైపు చేస్తుంది, కాబట్టి అక్షరాలు అటూ ఇటూ అయితే మన్నించండి. ఆ ఇస్త్రీ అంగడి దారి నాకు బాగా తెలుసు, రోజూ అదే దారిలో బస్టాపుకి పోతాను. సైకిల్ గొలుసుకి చమురు లేకపోతే నాకు సంతోషం, దూరం నించే కిర్రుమంటుంది. కొత్త సైకిళ్ళు, బ్యాటరీ సైకిళ్ళు చప్పుడే చేయవు, పక్కన గాలి తగిలినాక తెలుస్తుంది పోయినాయని. నా కర్ర రెండు సార్లు చక్రంలో ఇరుక్కుంది, ఒకసారి విరిగింది. ఒక్క మాట చాలు నాకు, "సార్, ఎడమ పక్క వస్తాండా" అని నోటితో చెప్తే చాలు. బెల్లు ఎటునించి వస్తుందో తెలియదు, మనిషి గొంతు తెలుస్తుంది.

తెల్లారితే_తొక్కుడే (మంగళవారం, 7:40)

సార్, మా సైకిల్ గ్రూపులో ఈ మాట ఇప్పుడే పెట్టినా. గొలుసుకి చమురు మాత్రం వేసుకుంటాము, క్షమించాల.

పాత_ఏఈ (బుధవారం, 8:50)

వాకింగ్ పేరు చెప్పి పొద్దున టేపు తీసుకుని ఆ తావుకి పోయొచ్చాను. మా ఆవిడ నవ్వింది, నవ్వనీ. ఫుట్‌పాత్ మొత్తం వెడల్పు ఆరడుగుల చిల్లర, అంటే పుస్తకంలో రాసిన 1.8 మీటర్లు కాగితం మీద ఉంది. ఇస్త్రీ అంగడి దగ్గర కరెంటు స్తంభం, దానికి ఆనించి ఫ్లెక్సీ చట్రం, అటుపక్క అంగడి మెట్టు. నడిచేదానికి మిగిలింది 34 అంగుళాలు. సైకిల్ హ్యాండిల్ రెండడుగులు. ఇంక మనిషి ఎక్కడ పడతాడు?

అక్కడే నిలబడి అరగంట చూశాను. పదకొండు సైకిళ్ళు వచ్చాయి, తొమ్మిది ఎదురు దిక్కువే, స్కూలు బ్యాగులు, ఒక పూలబుట్ట, ఒక పాల క్యాను. మూసేసిన డివైడర్ గ్యాప్ అక్కడికి ఎదురుగానే ఉంది. బండ్లు తిరగకుండా మూసి, మనిషి సైకిల్ నడిపించుకుని దాటేంత సందు వదిలితే సరిపోయేది, దిమ్మెల మధ్య ఒక మీటరు చాలు. అర్జీ నేను రాస్తాను, సంతకాలు మీరు పెట్టండి. ఫ్లెక్సీ చట్రం ఎవరిదో అడిగితే ఎవరూ చెప్పలేదు, చట్రం మీద ఉన్న ముఖాలు మాత్రం అందరికీ తెలుసు.

టెన్త్_పిల్లోడి_నాయన (బుధవారం, 9:05)

మొదటి సంతకం నాది.

కొర్లగుంట_చిన్నోడు (బుధవారం, 9:11)

మా అమ్మ వేలిముద్ర కాదు, సంతకమే పెడతాది, ఎడమ చేత్తో అయినా.

కొర్లగుంట_చిన్నోడు (ఆదివారం, 6:48 సాయంత్రం)

అప్‌డేట్. అర్జీ ఇచ్చినాము, రసీదు ఇచ్చినారు, అంతే ఇప్పటికి. ఫ్లెక్సీ చట్రం అట్లనే ఉండాది. కానీ ఇస్త్రీ ఆయప్ప మా అమ్మ పడిన సంగతి మనసులో పెట్టుకున్నాడంట, శుక్రవారం సొంత డబ్బుతో అర మూట సిమెంట్ తెచ్చి ఆ లూజు బండ పక్కలన్నీ పూడ్చేసినాడు. ఇప్పుడు గట్టిగా ఉండాది, ఎవురు తొక్కినా చప్పుడే రాదు. మా అమ్మ పొద్దున పోయొచ్చి, మంచిపనే చేసినాడు గానీ వెనక ఎవురొస్తాండారో ఇప్పుడు నాకెట్ల తెలియాల అంటాండాది.

చేతికర్ర_మాస్టారు (ఆదివారం, 7:30)

నాకు కూడా అదే చిక్కు. లొటక్ అంటే ఇస్త్రీ అంగడి వచ్చింది, ఇంక పద్నాలుగు అడుగులకి ఎడమకి తిరగాలి అని లెక్క పెట్టుకునేవాణ్ణి. మొన్న తిరగాల్సిన చోటు దాటి పోయాను. పరవాలేదు, ఆయన ఇస్త్రీ పెట్టెలో బొగ్గుల వాసన వస్తుంది కదా, దాంతో సర్దుకుంటాను. ఆదివారాలు అంగడి ఉండదు, ఆ ఒక్క రోజే కష్టం.